మా బాపు కూసునే నౌకరి

శంషాబాద్ దాటి రావిర్యాల దిక్కు పోతుంటే, రెండు పెద్ద గోదాముల నడుమ ఈ మధ్య ఒక కాలేజీ లేచింది. ఏదో యూనివర్సిటీ వాళ్లు బొమ్మలు గీసుడు, డిజైన్లు చేసుడు నేర్పడానికి ప్రత్యేకంగా కట్టిన్రు. దాని అద్దాలు ఎంత పెద్దగా ఉన్నయంటే, దిగే విమానాలు ఆ అద్దాలలో ఒకసారి మొఖం చూసుకొని, జుట్టు సవరించుకొని మరీ ఎయిర్‌పోర్టుకు పోతయి. ఆ కాలేజీ నుంచి స్వప్న అనే చిన్నవయసు టీచరమ్మ ఫోన్ చేసింది. "సార్, మా యాన్యువల్ షోకి మీరు ముఖ్య అతిథిగా రావాలి. మీరు హాస్యం రాస్తారు కదా, పిల్లలు కాసేపు నవ్వుకుంటారు" అన్నది. నేను రాసేది హాస్యమని ఇంత గట్టిగా నమ్మే మనిషి దొరికి చాన్నాళ్లయింది కాబట్టి వెంటనే ఒప్పుకున్న. ఆమె ఇంకో మాట కలిపింది. "అదే రోజు మీ పాత కాలేజీలో పాఠాలు చెప్పిన పెద్దాయనకి సన్మానం కూడా ఉంది సార్. పోర్ట్రెయిట్ ఎలా గీయాలో పిల్లలకి చేసి చూపిస్తానన్నారు. మీకు తెలిసే ఉంటారు" అని పేరు చెప్పింది.

తెలుసా అని అడుగుతుంది! ముప్పై ఏండ్లుగా పొద్దున పండ్లు తోముకునేటప్పుడు కొందరు దేవుని పేరు తలుచుకుంటరు, నేను ఆ పేరు తలుచుకుంటున్న. బ్రష్షులు తొందరగా అరిగిపోతున్నయని మా ఆవిడ గొడవ. ఆ పేరు ఇక్కడ రాయను. మేం విద్యార్థులం ఆయనను కొలత సారు అనేటోళ్లం, అదే చాలు. చెయ్యి బారుగా చాచి, పెన్సిల్ నిలువుగా పట్టుకొని, ఎడమ కన్ను మూసి, బొటనవేలు పైకీ కిందికీ జరుపుతూ ఎదుటి వస్తువు ఎంతుందో కొలిచేటోడు. బొమ్మలు గీసేటోళ్లందరూ చేసే పనే అది. కానీ మిగిలినోళ్లు గీత అయిపోతే చెయ్యి దించుతరు. ఈయన దించేటోడు కాదు. క్యాంటీన్‌లో ఇడ్లీని కొలిచేటోడు. మైకులో మాట్లాడుతున్న మంత్రిని కొలిచేటోడు. పెండ్లిచూపులలో కూడా అమ్మాయి నిలువెత్తు ఆమె తలకు సరిగ్గా ఏడున్నర రెట్లు ఉందని తేలినంకనే కాఫీ తాగిండని మా సీనియర్లు ఒట్టు పెట్టి చెప్పేటోళ్లు. గోదావరి దిక్కు మనిషి. మాట తేనె, దాంట్లో ఒక గాజుపెంకు.

"ఒక్కటే ఇబ్బంది సార్" అన్నది స్వప్న. "గీయించుకోవడానికి కదలకుండా కూర్చునే మనిషి కావాలి. మాకు ఒకాయన వచ్చేవాడు, ఇప్పుడు పక్క గోదాములో పనికి కుదిరాడు. మీకెవరైనా తెలుసా?"

ఆ మాట నా చెవిలో పడంగనే ముప్పై ఏండ్ల నుంచి మూసుకుపోయిన కిటికీ ఏదో టక్కున తెరుచుకున్నట్టయింది. "మోడల్ సంగతి నాకు వదిలెయ్యమ్మా. ఇట్లాంటి మొఖం ఈ జిల్లాలోనే లేదన్నంత మొఖాన్ని పట్టుకొస్త" అన్న. ఫోన్ పెట్టిన తర్వాత మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి కొంప ముంచబోతున్నవ్? ఆ నవ్వేంది గట్ల?" అన్నది. పాతికేండ్ల కాపురం, నా నవ్వులలో రకాలు తెలిసిన మనిషి.

ఎందుకంత నవ్వు వచ్చిందో తెలియాలంటే మా బాపు నౌకరి గురించి చెప్పాలె.

మాది కొత్వాల్‌గూడ. అప్పటికి ఎయిర్‌పోర్టు ఎవరి కలలో కూడా లేదు. మాకున్న చెలక మీద జొన్న పండేది, వాన మొఖం చాటేస్తే జొన్న కూడా పండకపోయేది. సీతాఫలాల కాలంలో మా బాపు మల్లయ్య రెండు గంపలు కావడికి కట్టుకొని బస్సెక్కి పట్నం పోయి అమ్మేటోడు. అట్లా ఒకరోజు ఒక పెద్ద బంగ్లా ముంగట గంపలు దించితే, అది బొమ్మల కాలేజీ. పండ్లు బేరం చేయడానికి వచ్చిన అటెండరు పండ్లను ఒదిలేసి మా బాపు మొఖాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూసిండట. మా బాపు మొఖం అట్లాంటిది. అప్పటికి నలభై ఐదు కూడా నిండలేదు, కానీ ఎండ ఆ మొఖం మీద కూసోని తీరుబడిగా దున్నింది. హిమాయత్‌సాగర్‌లో కలిసే వాగులు, వంకలు, కాలువలు, పిల్లకాలువలు అన్నీ ఆ నుదుటి మీద ఉన్నయి. ఇంజనీర్లు సర్వేకు వస్తే చెరువుకాడికి పోవుడు ఎందుకు, మా ఇంటికి వచ్చి బాపు ముంగట కూసుంటే సరిపోయేది. "రేపటి నుంచి వస్తవా? పనేం లేదు, కూసునుడే" అన్నడట అటెండరు. మా బాపుకు పుట్టినకాడి నుంచి ఎవరూ ఆ మాట చెప్పలేదు.

ఇగ ఊర్లో ఏమైందో చూడండ్రి. మా బాపు ఒక్క అబద్ధం చెప్పలేదు. రచ్చకాడ అడిగినోళ్లకు అడిగినట్టే జవాబు చెప్పిండు.

"మల్లన్నా, పట్నంల కాలేజీల నౌకరంట గదనే?"

"అవు."

"ఏం జేస్తవే ఆడ?"

"కూసుంట."

"కూసోని?"

"పిల్లగాండ్లు నన్ను జూసి నేర్చుకుంటరు."

ప్రతి మాటా సత్యం. నెల తిరగకముందే మా బాపు ప్రొఫెసరయిండు. రెండు నెలలకు ప్రిన్సిపాల్‌కు కుడిభుజం. పక్క ఊర్ల నుంచి మనుషులు ఉత్త చేతులతో రాకుండా సొరకాయలు, కోడిగుడ్లు పట్టుకొచ్చి, "మా పోరనికి జర సీటు ఇప్పియ్యరాదే" అని గుమ్మంలో కూసునేటోళ్లు. మా బాపు సొరకాయ వాపస్ ఇచ్చి, "నాకు స్టూలే ఇచ్చిన్రు అన్నా, సీటు యాడికెళ్లి తేవాలె" అనేటోడు. అది వినయమనుకొని వాళ్లు ఇంకో సొరకాయ తెచ్చేటోళ్లు. ఆ ఏడాది మా ఇంట్లో సొరకాయ కూర తప్ప ఇంకోటి నాకు గుర్తులేదు.

కానీ కూసునే పని సులువనుకునేటోళ్లు ఒక్కసారి గోడవారకు కూసోని, ముక్కు మీద ఈగ వాలినంక ముప్పావు గంట గడపండ్రి. మాపటికి బాపు ఇంటికి వచ్చేసరికి నడుము పట్టుకుపోయి, గుమ్మంలో నుంచి లోపలికి నిలువుగా రాకుండా స్టూలు ఆకారంలోనే వచ్చేటోడు. అమ్మ కాగులో నీళ్లు కాచి ఉంచేది. మంచం మీద బోర్లా పడుకోబెట్టి ఆముదం కాచి వీపుకు రుద్దుతుంటే ఆ వాసన, పెంకు మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, బాపు అంగీలో నుంచి రాలే బొగ్గుపొడి వాసన అన్నీ కలిసి ఒక వాసనయ్యేది. ఇప్పుడు ఏ సెంటు దుకాణంలో అడిగినా అది దొరకదు, అడిగిన నన్ను బయటికి పంపిస్తరు కూడా. ఐతారం నాడు బాపు సాధన చేసేటోడు. నూనెడబ్బా బోర్లేసి, దాని మీద కూసోని, ఎదురుగా కట్టేసిన బర్రె కండ్లలోకి చూసేటోడు. ఇద్దరిలో ముందు ఎవరు కదిలితే వాళ్లు ఓడినట్టు. బర్రె ప్రతి ఐతారం ఓడింది. చివరికి సిగ్గుతో పాలు తగ్గించింది.

అంతకన్న విచిత్రం ఇంకోటి ఉంది. నేను బొగ్గుముక్క పట్టుకొని గోడల మీద బొమ్మలు వేస్తుంటే, సంతకం పెట్టడం కూడా రాని మా బాపు మంచం మీద నుంచే తప్పులు పట్టేటోడు. "ఏందిరా యాదీ, ఎలుతురు కిటికీల నుంచి వస్తుంటె నీడ కిటికీ దిక్కే వడ్తదా? ముక్కుకెందుకు తొందర? ముందు తలకాయ ఎంతుందో సూడు. కండ్లు నొసటి కాడ గాదు, తలకాయ నడుమ ఉంటయ్" అనేటోడు. నేను ఆశ్చర్యపోయి మా బాపు మహాజ్ఞాని అనుకున్న. తర్వాత తెలిసింది, అవన్నీ కొలత సారు క్లాసులో చెప్పే మాటలు. అక్కడ ఫీజు కట్టి కూసున్న పిల్లలకన్న, ముంగట స్టూలు మీద కదలకుండా కూసున్న మనిషే వాటిని శ్రద్ధగా విన్నడు. విన్నది విన్నట్టు బస్సులో మోసుకొచ్చి నాకు ఇచ్చిండు. ఆ పాఠాలతోనే నాకు ఆ కాలేజీలో సీటు వచ్చింది. ఊరంతా మాత్రం మా బాపు పలుకుబడి అనుకున్నది. ఒకరకంగా అదీ నిజమే.

మొదటి రోజు బస్సులో బాపు నా చెవిలో, "ఆడ నన్ను బాపు అని పిలువకు బిడ్డా" అన్నడు.

"ఎందుకే?"

"సిఫారసు సీటంటరు. నువ్వు నన్ను ఎరుగవు, నేను నిన్ను ఎరుగ. సమజయిందా?"

నేను జర బాధపడ్డట్టు మొఖం పెట్టిన. లోపల మాత్రం నెత్తి మీది మూట ఎవరో దించినట్టయింది. క్లాసులో ఒకని నాయన డాక్టరు, ఇంకో అమ్మాయి నాయన బ్యాంకు మేనేజరు. హాస్యం పేరుతో నేను తర్వాత రాసిందంతా, ఆ బస్సులో నాకు కలిగిన ఆ హాయిని దాచిపెట్టడానికి రాసిందే. నా గురించి నేను కొంచెం కూడా పెంచి చెప్పని మాట ఈ కథలో ఇది ఒక్కటే.

పోర్ట్రెయిట్ క్లాసులో మా అందరికీ తలా ఒక ముక్క డబల్‌రొట్టె ఇచ్చేటోళ్లు. తినడానికి కాదు. బొగ్గుతో గీసిన గీత తప్పయితే, రొట్టె మెత్తటి భాగం తీసి ముద్ద చేసి అద్దితే గీత పోతది. మా బాపు మొదటిసారి అది చూసిన నాడు ఇంటికొచ్చి, "బొమ్మలు రొట్టె తింటయే, మనిషి ఆకలితోని సూస్తుంటడు" అని అమ్మకు చెప్పిండు. అమ్మ నమ్మలేదు. ఇరానీ బేకరీ నుంచి అప్పుడే వచ్చిన రొట్టె వాసన గదంతా కమ్ముకునేది, పొద్దున జొన్నగట్క తాగి బస్సెక్కిన మనిషి ఎత్తు బల్ల మీది స్టూలుపై గుటక కూడా మింగకుండా కూసునేటోడు. గుటక మింగితే గొంతు కదులుతది గదా.

నేరం జరిగింది వానాకాలంలో. నేను బాపుకు కుడిపక్క కూసున్న. చూస్తూ చూస్తూ గీస్తున్న, చెయ్యి దానంతటదే పోతున్నది. బాపుకు ఎడమ చెవి వెనక ఒక మచ్చ ఉంది, చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలింది. పసితనంలో బాపు భుజాల మీదెక్కి జాతరకు పోయినప్పుడల్లా నేను పట్టుకున్నది ఆ చెవినే, నా వేలికి తెలిసిన మచ్చ అది. నేను కూసున్న చోటు నుంచి ఆ చెవి కనిపించే వీలే లేదు. అయినా నా బొమ్మలో తల జరంత అటు తిరిగింది, చెవి వచ్చింది, చెవి వెనక మచ్చ వచ్చింది. కొలత సారు నా వెనక వచ్చి నిలబడ్డడు. చెయ్యి చాచిండు, కన్ను మూసిండు, బాపును కొలిచిండు, నా కాగితాన్ని కొలిచిండు.

"ఇదేమిటోయ్?"

"మచ్చ సార్. ఆ చెవి వెనకాల ఉంది."

"నీకిక్కడి నుంచి కనపడుతోందా?"

"లేదు సార్."

"మరి నీకెలా తెలుసు?"

క్లాసంతా నా దిక్కు తిరిగింది. ఎత్తు బల్ల మీద మా బాపు ఊపిరి ఆపిండు. ఆ గదిలో ఊపిరి ఆగిందని తెలిసింది నాకొక్కనికే. ఒక్క మాట చెప్తే అయిపోయేది. "ఊహించిన సార్" అన్న.

"ఊహించావా! మహానుభావుడివి. కనపడింది గియ్యవోయ్, తెలిసింది కాదు" అని నా చేతిలోని రొట్టెముక్క తీసుకున్నడు. ముందు మచ్చను అద్దిండు. మచ్చ పోయింది. చెవిని అద్దిండు. అక్కడితో ఆగుతడనుకున్న. తేనె మాటలు చెప్పుకుంటూనే చెంప, దవడ, ముక్కు, రెండు కండ్లు, మొత్తం మొఖాన్ని రొట్టెతో తుడిచేసి, నల్లబడ్డ ముద్దను కింద పడేసిండు. తన మొఖం పోతుంటే చూడడానికి మా బాపు వెంట్రుకవాసి మెడ తిప్పిండు. మూడేండ్లలో మొదటిసారి కదిలిండు. కొలత సారు బల్లెక్కి, రెండు వేళ్లతో బాపు గడ్డం పట్టుకొని, పాత చోటికి తిప్పి, "ఏవయ్యా, కదలకు. నువ్విక్కడ మనిషివి కాదు, కుండవి. కుండ ఎక్కడన్నా కదులుతుందా?" అన్నడు.

క్లాసు నవ్వింది. నేనూ నవ్విన.

ఆ రాత్రి తినేటప్పుడు బాపు అమ్మతో, "ఇయ్యాల నన్ను కుండను జేసిన్రే" అని నవ్వుకుంటనే చెప్పిండు. అమ్మ రొట్టె తిప్పుతున్నది తిప్పినట్టే ఆగిపోయింది. "ఎవడన్నడు గట్ల? వాని నోట్ల మన్నువడ!" అన్నది. తర్వాత నా దిక్కు తిరిగి, "నువ్వు ఆడనే ఉన్నవ్ గదరా, నువ్వేమన్నవ్?" అని అడిగింది. నేను తలకాయ వంచుకొని సొరకాయ కూర తిన్న. "పోనియ్యే, వాడేమంటడు, సదువుకునే పోరడు" అని బాపు నా పళ్లెంలోకి ఇంకో రొట్టె వేసిండు. ఆ రొట్టె నాకు ఇప్పటికీ అరగలేదు. డాక్టర్లు గ్యాస్ అంటున్నరు.

నాలుగేండ్ల చదువు గట్టెక్కినంక నేను మళ్లీ బొగ్గు ముట్టలేదు. బాపు ఇంకా చాన్నాళ్లు ఆ స్టూలు మీద కూసున్నడు. అన్ని బ్యాచులు, అన్ని వందల బొమ్మలు, అటెండరు పుస్తకంలో మాత్రం రోజూ 'మోడల్ హాజరు' అని రాసేటోడు. కొలత సారు ఒక్కసారి కూడా పేరు అడగలేదు. బాపు పోయినప్పుడు ఫోటోకు వెతికితే రేషన్ కార్డు మీది మసక మొఖం తప్ప ఏమీ దొరకలేదు. పట్నంలో సగంమంది చిత్రకారులు చెయ్యి తిప్పుకున్న మొఖం మా ఇంటి గోడ మీద లేదు. ఆ రోజు రెండు ముక్కలు అనుకున్న. ఒకటి, కొలత సారు జీవితంలో ఒక్కసారి ఆ స్టూలు మీద ముప్పావు గంట కూసోవాలె. రెండు, ఆయన నోటి నుంచి మా బాపు పేరు రావాలె. ఈ రెండూ అయ్యేదాకా ఆయన బతికుండాలని నేను మొక్కినన్ని మొక్కులు ఆయన పిల్లలు కూడా మొక్కి ఉండరు.

ఫంక్షన్ నాడు నేను క్యాబు దిగిన. ఒక్కన్నే దిగిన. ఏ మొఖాన్నీ పట్టుకురాలేదు. స్వప్న నా వెనక, క్యాబు వెనక, దూరంగా గోదాము వెనక కూడా చూసి, "మోడల్ ఏరి సార్?" అన్నది. "వస్తడమ్మా, ఇక్కడికే వస్తున్నడు" అన్న. ఆమె నన్ను స్టూడియోకు తీసుకుపోయింది. చలి పెట్టే ఏసీ, కాగితాలు పట్టుకున్న పిల్లలు కొందరు, పలకల వంటి తెరల మీద గీసేటోళ్లు కొందరు. తెర మీద తప్పు గీత రెండు వేళ్లతో తట్టితే పోతది, రొట్టెతో పని లేదు. నడుమ ఎత్తు బల్ల, దాని మీద స్టూలు, స్టూలు మీద పరుపు లాంటి మెత్త, పక్కన మంచినీళ్ల సీసా, ఒక చిన్న గడియారం. "పావుగంటకోసారి మోడల్‌కి రెస్ట్ ఇస్తాం సార్. గీసే ముందు పిల్లలు ఆయన పేరు అడిగి బోర్డు మీద రాయాలి, అది మా రూల్" అన్నది స్వప్న మామూలుగా, ఫ్యాను స్విచ్ ఎక్కడుందో చెప్పినట్టు. నేను కాసేపు ఆ ఖాళీ బోర్డును చూసుకుంటూ నిలబడ్డ. ఈ పిల్లకు ఈ బుద్ధి ఎవరు నేర్పిన్రో. మా కాలంలో అది ఒక్కరికీ తట్టలేదు, నాకు తట్టినా నోరు రాలేదు. కానీ నేను ఆ రోజు మంచితనం మెచ్చుకోవడానికి రాలేదు. మెత్త మీద కూసుంటే అది పగ ఎట్లయితది?

కొలత సారు వచ్చిండు. ఎనభై దాటినయి, పట్టు కండువా, వెండి జుట్టు, మాటలో తేనె చెక్కుచెదరలేదు. నన్ను పాత విద్యార్థి అని గుర్తుపట్టి, చెయ్యి చాచి, కన్ను మూసి కొలిచి, "పొట్ట పెరిగిందోయ్" అన్నడు. సన్మానం అయినంక మైకు పట్టుకొని తన మెడను తానే ఉరిలో పెట్టుకున్నడు, నేను తాడు కూడా తేలేదు. "ఈ రోజుల్లో పావుగంటకో విశ్రాంతి అంటున్నారు. మా రోజుల్లో మోడల్ అంటే ముప్పావు గంట రెప్ప వెయ్యకూడదు. కూర్చోవడం కూడా ఒక క్రమశిక్షణండీ" అన్నడు. చప్పట్లు. అందరికన్న గట్టిగా కొట్టింది నేనే.

తర్వాత మైకు నాది. "మోడల్‌ను తెస్తనని మాటిచ్చిన. ఊరూరా వెతికిన. సారు మొఖానికి సాటి వచ్చే మొఖం దొరకలేదు. సారు గీసి చూపిస్తే పిల్లలు మరిచిపోవచ్చు, సారునే గీస్తే జన్మలో మరిచిపోరు. క్రమశిక్షణ అంటే ఏందో కూడా సారు కూసోని చూపిస్తరు" అన్న. పిల్లలు కేకలు పెట్టిన్రు, ఫోన్లు లేచినయి. కొలత సారు మొఖం వెలిగిపోయింది. అరవై మంది తనను గీస్తరంటే వద్దనే వయసు కాదది. కండువా సర్దుకొని బల్లెక్కిండు. స్వప్న మెత్తను సరిచేయబోతే నేను మెల్లగా లాగేసిన. "సారు పాతకాలపు మనిషమ్మా, మెత్తంటే అవమానం" అన్న. "అవునవును, అక్కర్లేదు" అన్నడు సారు.

మొదటి పది నిమిషాలు ఆయన రాజు లెక్క కూసున్నడు. ఇంత సంబరపడుతుంటే పగ ఎట్లా తీరుతది? కానీ స్టూలుకు రాజని, కూలోడని తేడా ఉండదు. పన్నెండో నిమిషంలో ఎడమ మోకాలు వణికింది. "సార్, ప్లీజ్, కాలు" అన్నది ముందు వరుసలో ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా. "సార్, గడ్డం కొంచెం కిందికి" అన్నడు ఇంకొకడు. "సార్, కండువా జారింది. వద్దొద్దు, మీరు ముట్టుకోవద్దు." నేను ముప్పై ఏండ్లు తిట్లు వెతుక్కున్న, ఈ పిల్లలు 'ప్లీజ్' తోనే పని కానిచ్చిన్రు. పావుగంటకు గడియారం మోగింది. స్వప్న నీళ్లసీసా తీసుకొని లేచింది. "సారు ముప్పావు గంట అన్నరు గదమ్మా" అన్న నేను. సారు సీసాను చూసిండు, పిల్లలను చూసిండు, పెదాలు తడుపుకొని "ఫరవాలేదమ్మా" అన్నడు. ఆ తర్వాత చెమట నుదుటి మీద నుంచి బయలుదేరి, ముక్కు మీద ఆగి, ఎటు పోవాల్నో ఆలోచించుకొని, మీసంలోకి దిగింది. అంత చల్లటి ఏసీలో. నేను ప్రతి చుక్కనూ చూసిన.

ఇరవై దాటినంక ఆయన తల తిప్పకుండా నన్ను పిలిచిండు. నేను దగ్గరికి పోయిన.

"ఏవోయ్, మీ బ్యాచ్‌లో ఒకాయన కూర్చునేవాడు గుర్తుందా? పల్లెటూరి మనిషి. నల్లగా, నుదుటి నిండా గీతలు."

"గుర్తున్నది సార్."

"అతను కూర్చుంటే గది మొత్తం కుదురుకునేది. ఎన్ని ఏళ్లు కూర్చున్నాడో. ఇప్పుడు తెలుస్తోంది నాకు, నడుము ఇలా..." ఊపిరి తీసుకున్నడు. "అతని పేరేంటోయ్?"

నేను కోరుకున్న దానికన్న ఎక్కువ దొరికింది. ఆయనకు కావాల్సింది నా దగ్గర ఉంది, ఇవ్వకపోతే సచ్చేదాకా వెతుక్కుంటడు. ఆ కాలేజీ పుస్తకాలన్నీ తిరగేసినా 'మోడల్ హాజరు' తప్ప దొరకదు. "తెల్వదు సార్" అంటే చాలు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది, తియ్యగానే ఉంది. కానీ ఆ రుచి నాకు కొత్త కాదు. "ఊహించిన సార్" అన్న నాడు కూడా నోట్లో ఇదే ఉండె. పగ తీర్చుకోవడానికి వచ్చి, మళ్లీ అట్లాంటి గదిలోనే అదే మనిషిని ఎరుగనని చెప్పబోతున్న.

"మల్లయ్య" అన్న. గొంతు నేననుకున్న దానికన్న పెద్దగా వచ్చింది, పిల్లలు చేతులు ఆపిన్రు. "కొత్వాల్‌గూడ మల్లయ్య. మా బాపు సార్."

కొలత సారు కండ్లు ఒక్కటే కదిలినయి. నన్ను చూసినయి, చాన్సేపు. కొలిచే చూపు కాదది. తర్వాత రెండు చేతులు స్టూలు అంచుకు ఆనించి లేవబోయిండు. లేచి నా చేతులు పట్టుకుంటడు, రెండు మంచిమాటలు చెప్తడు, పిల్లలు కండ్లు తుడుచుకుంటరు, అరవై ఫోన్లలో అందమైన వీడియో వస్తది, నడుము నొప్పి కూడా తీరిపోతది.

"కదలకండ్రి సార్" అన్న. "ఇంకా ఇరవై నిమిషాలున్నయి."

స్వప్న నా దిక్కు చురుక్కున చూసింది. ఆయన మాత్రం నా మొఖం చూసి, మెల్లగా మళ్లీ కూసున్నడు. వీపు నిటారుగా పెట్టుకున్నడు, గడ్డం దానంతటదే సరిచేసుకున్నడు. నాకు జాలి కలగలేదా అంటే కలిగింది, కానీ కుర్చీ తెచ్చుకొని ఆయనకు ఎదురుగా కూసున్న. బొగ్గులు మళ్లీ గరగరలాడినయి. కాసేపటికి ముందు వరుస అమ్మాయి విసుగ్గా చెయ్యెత్తింది.

"సార్, ఈయన పెదాలు కదిలిస్తూనే ఉన్నారు సార్. ఏదో అనుకుంటున్నారు లోపల. నాకు నోరు కుదరడం లేదు."

నేను కూడా చూసిన. మూడు అక్షరాలు, మళ్లీ మళ్లీ.

"పేరు ఒకటి కంఠతా పడుతున్నడమ్మా" అన్న. "జర సమయం పడ్తది. నోరు ఆఖరికి గియ్యి."